ఐదేసి బిందెల లెక్క

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నా నోటుబుక్కుల్లోనే పుట్టి, అక్కడే కొట్టివేతల కింద అణగిపోయాయి. ఒక్క తప్పు మాత్రం ఇరవై ఒక్క మంది కౌన్సిలర్ల ఎదుట, ఒక చేపలమ్మే మనిషి నోటి మీదుగా బయటపడింది. చిత్రం ఏమిటంటే, నా ఉద్యోగంలో అన్నిటికంటే మంచి రోజు కూడా అదే. వార్డు సచివాలయాల్లో కొత్తగా చేరి, చేతిలో ఫోను, ఫోనులో క్యాలిక్యులేటరు పెట్టుకొని తిరుగుతున్న పిల్లల కోసం ఆ రోజు సంగతి రాస్తున్నాను. ఇప్పటికీ తలచుకుంటే కూర్చున్నవాణ్ణి లేచి నిలబడతాను.

ముందు నా సంగతి ఒక ముక్క. నేను ఇంజినీరును కాను. పదో తరగతి తప్పాను, అదీ లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. రాజాం నుంచి బస్సులో గంట లోపు చేరగలిగే ఒక చిన్న పట్టణంలో, పురపాలక సంఘం పంపుహౌసులో హెల్పరుగా చేరాను. మోటారు ఎన్ని గంటలు నడిచింది, ట్యాంకు ఎన్ని అడుగులు నిండింది అని రాసే పుస్తకం ఒకటి ఉండేది. అది రాస్తూ రాస్తూ లెక్కలు నేర్చుకున్నాను. గుండ్రటి ట్యాంకులో అడుగు నీళ్ళంటే ఎన్ని లీటర్లో ఎవరూ చెప్పకుండానే ఒక వారం కుస్తీపట్టి కనుక్కొని, దాన్ని ప్రపంచంలో నేనే మొదట కనిపెట్టానని చాలాకాలం అనుకున్నాను. చివరికి వర్క్ ఇన్‌స్పెక్టరునయ్యాను. లీటర్లు, కిలోలీటర్లు అంటే ఎవరూ వినరని తెలిశాక అన్నిటినీ బిందెల్లోకి మార్చి చెప్పడం అలవాటు చేసుకున్నాను. బిందెకి పదిహేను లీటర్లు. ట్రాక్టరు ట్యాంకరుకి నాలుగు వేల ఐదు వందల లీటర్లు, అంటే మూడు వందల బిందెలు.

రాష్ట్రం విడిపోయి మూడేళ్ళయిన వేసవి అది. ఊళ్ళో ఎక్కడ చూసినా ఇళ్ళు లేస్తున్నాయి. కట్టుబడికి నీళ్ళు కావాలి. ట్యాంకర్లన్నీ వచ్చి మా తాగునీటి ట్యాంకు కింద ఉన్న పైపు దగ్గరే నింపుకొనేవి. అదే పైపులైను ముందుకు వెళ్ళి, పక్కనే ఉన్న చేపల మార్కెట్టులోని రెండు కుళాయిలకు నీళ్ళిస్తుంది. మార్కెట్టులో నలభై మంది ఆడవాళ్ళు చేపలు అమ్మేవారు. సముద్రపు ఒడ్డు నుంచి తెల్లవారకముందే ఆటోల్లో సరుకు దింపుకొని, ఆరింటి నుంచి పదకొండింటి దాకా కూర్చొనేవారు. ట్యాంకర్లు నింపుకొనేదీ సరిగ్గా ఆ వేళలోనే. నీళ్ళు చాలక చేపల నీచు రాళ్ళ మీదే ఎండిపోయేది. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు కంపు భరించలేకపోతున్నామని అర్జీ పెట్టారు. మార్కెట్టును ఊరి బయటికి, బైపాసు అవతలికి పంపేయాలని ప్రతిపాదన తయారయింది. అక్కడికి ఎవరు వెళ్ళి చేపలు కొంటారు? ఆ నలభై కుటుంబాలకూ అది కొట్టు మూసేయడంతో సమానం.

మాకు అప్పటికే ఊరి చివర మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. రోజుకి రెండు లక్షల లీటర్లు శుభ్రపరిచి, ఆ తేరిన నీళ్ళను ఊరికే పక్క వాగులోకి, మా గెడ్డలోకి, వదిలేసేవాళ్ళం. అక్కడే ఒక ఫిల్లింగ్ స్టేషను కట్టి, కట్టుబడి ట్యాంకర్లను అటు మళ్ళిస్తే ఇక్కడి తాగునీళ్ళు మిగులుతాయి కదా అని మా అసిస్టెంటు ఇంజినీరు గారు, అంటే ఏఈ గారు, అన్నారు. ఆయన చిన్నవాడు, చురుకైనవాడు. నన్ను గురువుగారూ అని పిలిచేవాడు, నేను ఆయన్ని సార్ అనేవాణ్ణి. ఇద్దరం ఒకరికొకరం లొంగి ఉండేవాళ్ళం.

"గురువుగారూ, లెక్కలు మీవి, ఇంగ్లీషు నాది. కౌన్సిల్లో పెట్టేద్దాం," అన్నాడు.

నాకు ఉత్సాహం ఆగలేదు. వారం రోజులు ట్యాంకర్లను లెక్కపెట్టాను. పొద్దుటి పూట సగటున ఇరవై రెండు. ఒక్కొక్కటి నిండడానికి పదమూడు నిమిషాలు. ఇరవై రెండు పదమూళ్ళు రెండు వందల ఎనభై ఆరు నిమిషాలు. మార్కెట్టు నడిచేది మూడు వందల నిమిషాలు. అంటే ఆడవాళ్ళకు పూర్తి ధారతో నీళ్ళొచ్చేది పద్నాలుగు నిమిషాలే. ఈ అంకె దొరికిన పూట నేను భోజనం సరిగా చేయలేదు.

ఇక మార్కెట్టుకి ఎన్ని నీళ్ళు కావాలో కనుక్కోవాలి. అక్కడ పెద్దతలకాయ ఒకావిడ. అందరూ అప్ప అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నేను వెళ్ళేసరికి పెద్ద వంజరాన్ని కత్తిపీట మీద కోస్తోంది.

"అప్పా, ఒక్కొక్కరికీ పొద్దుటికి ఎంత నీళ్ళు కావాలి?"

"ఏటి?"

"నీళ్ళు, నీళ్ళు. బిందెలు. ఎన్నేసి?"

"ఐదేసుంటే సాలు బాబూ." తల ఎత్తలేదు.

"ఐదేసేనా?"

"ఐదేసే. ఎన్నిపాల్లు సెప్పాల? ఎనక్కి జరుగు, పొలుసు నీ సొక్కా మీద పడతాది."

రాసుకున్నాను. నలభై ఐదులు రెండు వందలు. అక్కడితో ఆగలేదు. నేను జాగ్రత్త మనిషిని. ట్యాంకరు నిండుతున్నప్పుడు కుళాయి కింద బిందె పెట్టి గడియారం చూశాను. మూడు నిమిషాలు. ఆ పద్నాలుగు నిమిషాల తేడా పట్టించుకోకపోతే, మూడు వందల నిమిషాల్లో ఒక కుళాయికి వంద బిందెలు, రెండు కుళాయిలకు రెండు వందలు. అప్ప చెప్పిన లెక్కా, గడియారం చెప్పిన లెక్కా అణా పైసలతో సహా కలిసిపోయాయి! రెండు దారుల్లో వెళ్ళి ఒకే ఇంటి ముందు తేలితే, ఆ ఇల్లు నిజం కాక ఏమవుతుంది? చక్కగా గీతలు గీసి కాగితం ఏఈ గారికిచ్చేశాను, ఆయన టైపు చేయించి ఫైల్లో పెట్టారు.

ఆ కాగితంలో ఉన్న గొయ్యి నాకు కనపడలేదు.

కౌన్సిల్ సమావేశం పదింటికి. ఏడో అంశం ఫిల్లింగ్ స్టేషను, ఎనిమిదో అంశం చేపల మార్కెట్టు తరలింపు. ఇరవై ముగ్గురిలో ఇరవై ఒక్క మంది వచ్చారు. చైర్‌పర్సన్ గారు మొదటిసారి గెలిచిన ఆవిడ. తక్కువ మాట్లాడేవారు, ఎక్కువ వినేవారు. అప్ప, ఆమెతో పాటు పది మంది ఆడవాళ్ళు బుట్టలు పక్కవాళ్ళకు అప్పజెప్పి వచ్చి వరండాలో నిలబడ్డారు. గోడ పక్కన ఫైళ్ళు పట్టుకొని నేను.

ఏడో అంశం చదవగానే గోల మొదలైంది. మురుగు మురుగే, ఎంత వడకట్టినా కంపు పోదని ఒకరు. ఆ నీళ్ళతో గోడలు కడితే ఇంట్లో రోగాలొస్తాయని ఇంకొకరు. అప్పుడు ముందు వరసలోంచి మాస్టారు లేచారు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు, ఇప్పుడు కౌన్సిలరు. గుడి సేవలో, సంగీతంలో తరతరాలుగా ఉన్న కుటుంబం. ఆయన మాట అంటే నలుగురైదుగురు కళ్ళు మూసుకొని చేతులెత్తేవారు.

"నా సందేహం ఒక్కటే. ఈ వేళ ఆ నీళ్ళు మోసిన ట్యాంకరు రేపు పెళ్ళివారింటికి వంటనీళ్ళు మోయదని ఎవరు పూచీ?"

మంచి ప్రశ్న. ఏఈ గారు ఫైలు పేజీలు తిరగేశారు.

ఇంతలో కట్టుబడి కాంట్రాక్టులు చేసే కౌన్సిలరు ఒకాయన నా కాగితం పైకెత్తి పట్టుకున్నారు. మనిషి సరదా మనిషే. ఊళ్ళో తిరిగే ట్యాంకర్లలో సగం ఆయన పనులకే తిరిగేవి.

"ఏవయ్యా ఇన్‌స్పెక్టరూ, మార్కెట్టుకి రెండొందల బిందెలు కావాలన్నది నీ లెక్కేనా?"

"అవునండి."

"ట్యాంకరుకెన్ని బిందెలు?"

"మూడొందలండి."

"మరింకేం? రోజూ పొద్దున్నే ఒక్క ట్యాంకరు పంపితే వాళ్ళకి సరిపోయి, వంద బిందెలు మిగులుతాయి కూడా. నేనే పంపుతాను, ఊరికే! ఒక్క ట్యాంకరుతో పోయేదానికి మురుగు స్టేషనెందుకు? అప్పటికీ కంపు పోలేదనుకో, ఎనిమిదో అంశం ఎలాగూ ఉంది."

బల్లలు చరిచారు. నవ్వులు. ఆయన్ని ఎదుర్కోవడానికి నా దగ్గరున్న ఆయుధమే ఆయన చేతిలో ఉంది. నాలుగు రోజులు ట్యాంకరు పంపి మానేస్తారు, కంపు మళ్ళీ వస్తుంది, నీళ్ళిచ్చినా శుభ్రంగా ఉండలేదని చెప్పి మార్కెట్టును పంపేస్తారు. దానికి సాక్ష్యం నా లెక్కల కాగితమే. చైర్‌పర్సన్ గారు ఓటింగుకి పెట్టబోతున్నారు.

అప్పుడు గుమ్మంలోంచి కేక వినపడింది.

"ఓ బాబూ! రెండొందలేటి? ఎవులు సెప్పినారు నీకు?"

అటెండరు అడ్డుపడ్డాడు. అప్ప అతన్ని పక్కకు నెట్టేసి లోపలికొచ్చింది. చేతికింకా పొలుసు అంటుకొని ఉంది.

"అమ్మా, మీరలా రాకూడదు," అన్నారెవరో.

"రాకపోతే మా గొంతు కోసేత్తన్నారు గదేటి! అమ్మా, సైర్మనమ్మా, నాను సెప్పింది ఐదేసి. రెండొందలు ఎలగయ్యాయో ఆ లెక్కల బాబునడుగు."

"ఐదేసి నలభైకి రెండు వందలే కదప్పా," అన్నాను.

అప్ప నా వైపు ఎలా చూసిందంటే, అలాంటి చూపు నేను మళ్ళీ ఎవరి దగ్గరా చూడలేదు.

"ఐదేసి పుంజీలు, నాయనా! పుంజీ అంటే ఎంతో తెలీదేటి నీకు? ఇరవయ్యేళ్ళ నుంచీ నా దగ్గిర కానాగడతలు ఎలగ కొంతన్నావు?"

పుంజీ అంటే నాలుగు. మా మార్కెట్టులో కానాగడతల్లాంటి చిన్న చేపలన్నీ పుంజీల లెక్కే. అక్కడ ఎవరూ పుంజీ అనే మాట పైకి అనరు. ఐదు అంటే ఐదు పుంజీలే. బిందెలు కూడా అంతే, ఎందుకంటే నాలుగు బిందెలు పోస్తేగాని చేపలు కడిగే టబ్బు నిండదు. నేను కూడా అక్కడ నిలబడి "రెండియ్యప్పా" అని ఎనిమిది చేపలు సంచీలో వేయించుకొని వచ్చినవాణ్ణే. చేపల దగ్గర తెలిసిన లెక్క, చేతిలో నోటుబుక్కు ఉండేసరికి తెలియకుండా పోయింది.

గది ఘొల్లుమంది. కాంట్రాక్టరు కౌన్సిలరు కాగితాన్ని బల్ల మీద పడేశారు. "నాలుగోవంతు లెక్క! ఇక మిగతావి చూసే పని కూడా లేదు."

ఏఈ గారు నా వైపు చూశారు. పొరపాటు టైపింగులో జరిగిందని చెప్పేయవచ్చు. నేను ముందుకొచ్చాను.

"తప్పేనండి. టైపులో కాదు, నాదే. కావలసినవి ఎనిమిది వందల బిందెలు."

"మరి కుళాయి ధారతో సరిచూశానని రాశావే? అదెలా సరిపోయింది?" మాస్టారు అడిగారు. ఆయన గొంతులో వెక్కిరింత లేదు. పరీక్ష పేపరు దిద్దేవాడి ఆసక్తి ఉంది.

ఆ ప్రశ్నతో నా బుర్రలో దీపం వెలిగింది. నిజంగా అంతే, అక్కడే, నలుగురి ముందు.

"అవి వాళ్ళకి దొరుకుతున్న నీళ్ళండి! ట్యాంకర్లు నింపుకోగా మిగిలినవి. దొరికేది రెండొందలు, కావలసింది ఎనిమిది వందలు. నేను దొరికేదాన్ని కొలిచి, కావలసిందానితో సరిపోయిందని సంబరపడ్డానండి."

మాస్టారు కళ్ళజోడు తీశారు. "అంటే, తిన్నదెంతో చూసి ఆకలి అంతేనని రాశావు."

"అంతేనండి."

"అలాగని ఇతను ఇప్పుడంటున్నాడు," అన్నారు కాంట్రాక్టరు కౌన్సిలరు. "ఇందాక ఇంకోటన్నాడు. ఏది నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దండి. మార్కెట్టు వీధి చివరే ఉంది. మీరే వచ్చి కొలవండి," అన్నాను. వర్క్ ఇన్‌స్పెక్టరు కౌన్సిలుతో అలా మాట్లాడకూడదు. మాట నోరు దాటిపోయింది.

చైర్‌పర్సన్ గారు గోడ గడియారం చూశారు. పదీ ముప్పావు కావస్తోంది. "మార్కెట్టు ఇంకా మూయలేదు కదా. లేవండి, చూసొద్దాం."

ఇరవై ఒక్క మంది కౌన్సిలర్లు, ముందు అప్ప, వెనక మేము, దారిలో చేరిన జనం. ఊరేగింపులా కదిలింది. సోడాబండివాడు ఎవరు పోయారని అడిగాడు. మాస్టారు కండువా ముక్కుకు చుట్టుకున్నారు.

"నా అరవై ఆరేళ్ళలో చేపల మార్కెట్టు గుమ్మం తొక్కడం ఇదే మొదలు," అన్నారు నాతో.

"నాతో పాటు రండి మాస్టారూ, జారుతుంది," అన్నాను.

కుళాయి కింద బిందె పెట్టించాను. ట్యాంకరు వాల్వు మూయించాను. మాస్టారు తన చేతి గడియారం విప్పి పట్టుకొని, తరగతిలో ఎక్కాలు చెప్పించినట్లు పైకి లెక్కపెట్టారు. ఆడవాళ్ళు కూడా ఆయనతో గొంతు కలిపారు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై! బిందె పొంగింది. నలభై సెకన్లు. ఆ ధార ఐదు గంటలూ ఉంటే రెండు కుళాయిలకు తొమ్మిది వందల బిందెలు. ఎనిమిది వందలు పోగా వంద మిగులు. వేళ్ళ మీద చెప్పేశాను.

"నాటకం!" అన్నారు కాంట్రాక్టరు కౌన్సిలరు. "వాల్వు తిప్పేది నీ మనిషే కదా."

"మీరే తిప్పండి సార్," అన్నారు ఏఈ గారు.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. చొక్కా చేతులు పైకి మడిచి, ట్యాంకరు పైపు పక్కనున్న వాల్వు చక్రం పట్టుకొని ఆయనే తిప్పారు. అప్పటికే కాచుకొని ఉన్న ట్యాంకరులోకి నీళ్ళు దభదభా పడ్డాయి. ఇటు కుళాయి ధార చిటికెన వేలంత అయిపోయింది.

"తిప్పు బాబూ, ఇంకా తిప్పు! ఇన్నాల్లూ మీ ట్యాంకరోల్లు తిప్పినారు, ఇయాల మీ సెయ్యి సూసినాం!" అప్ప అరిచింది. మార్కెట్టంతా నవ్వులు. ఆయనకూ నవ్వాగలేదు.

మాస్టారు మాత్రం నవ్వలేదు. లెక్కపెడుతూనే ఉన్నారు. అరవై. తొంభై. నూట ఇరవై. కండువా ఎప్పుడు జారిపోయిందో ఆయనకు తెలియదు. నూట డెబ్భై దాటాక గొంతు బొంగురుపోయింది. నూట ఎనభై మూడుకి బిందె నిండింది. ఎదురుగా ఒక ముసలామె, ముందు రోజు నీళ్ళో ఏమో, గోధుమ రంగు తిరిగిన టబ్బులోనే చేపలు కడుగుతోంది. ఆయన వంగి ఆ టబ్బులోకి చూశారు.

తిరిగి హాలుకి చేరాక ఆయనే మొదట లేచారు.

"నా సందేహం నాకు అలాగే ఉంది. అందుకని షరతు పెడుతున్నాను. ఆ నీళ్ళు మోసే ట్యాంకరుకి చుట్టూ ఎర్ర పట్టీ వేయాలి. 'తాగకూడదు' అని రాయాలి. పునర్వినియోగ జలం, గినర్వినియోగ జలం అని రాస్తే నేను ఒప్పుకోను. నేను తెలుగు చెప్పినవాణ్ణి, నాకే నోరు తిరగడం లేదు. ఎర్ర పట్టీ ట్యాంకరు మంచినీళ్ళు మోస్తూ దొరికితే దాని అనుమతి రద్దు చేయాలి. దీనికి ఒప్పుకుంటే నా చెయ్యి లేస్తుంది."

పన్నెండు చేతులు లేచాయి. ఎదురు తొమ్మిది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. కాంట్రాక్టరు కౌన్సిలరు వ్యతిరేకంగానే ఎత్తారు. కాని బయటికి వస్తూ, కొత్త స్టేషనులో ట్యాంకర్లు ఒకేసారి ఎన్ని నింపుకోవచ్చని నన్ను అడిగారు. నాలుగు అన్నాను. "పుంజీ అనవయ్యా," అని భుజం తట్టి వెళ్ళారు. ఎనిమిదో అంశం వాయిదా పడింది.

మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. లెక్క తేడా వస్తే ఎవరైనా మళ్ళీ చూస్తారు. సరిపోయినప్పుడు ఎవరూ చూడరు. నా లెక్క సరిపోయింది కాబట్టే నేను మునిగాను. జనానికి ఏం కావాలో తెలుసుకోవాలంటే వాళ్ళకి అందుతున్నదాన్ని కొలవకండి, వాళ్ళ మాట వాళ్ళ లెక్కలో వినండి. ఒక పూట కూర్చొని బిందెలు లెక్కపెట్టి ఉంటే నాకు ఆ అవమానం తప్పేది. తప్పి ఉంటే కౌన్సిలు మార్కెట్టుకి వచ్చేదీ కాదు, అది వేరే సంగతి.

స్టేషను కట్టడానికి ఏడు నెలలు పట్టింది. తెరిచిన రోజు ఎర్ర పట్టీల ట్యాంకర్లు గెడ్డ గట్టు మీద వరస కట్టాయి. నేను అక్కడి కొబ్బరికాయ చూడలేదు. ఆరింటికే మార్కెట్టు కుళాయి దగ్గర గడియారం పట్టుకొని నిలబడ్డాను. నలభై సెకన్లు. ఏడింటికి నలభై. తొమ్మిదింటికి నలభై రెండు. చిన్నపిల్లాడిలా ఏఈ గారికి గంటగంటకూ ఫోను చేశాను.

అక్కడ ప్రతి మనిషి వెనకా ఒక నీలం డ్రమ్ము ఉండేది. కుళాయి ఎప్పుడు సన్నబడుతుందో తెలియక, ధార ఉన్న ఆ కాసేపట్లో పట్టి దాచుకొనేవారు. మొదటి రోజు ధార తగ్గకపోయినా అందరూ డ్రమ్ములు నింపారు. రెండో రోజూ నింపారు. వారానికి కొందరు మానేశారు. మూడు వారాలకు ముప్పై తొమ్మిది డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. నలభయ్యోది మాత్రం అంచుదాకా నిండి ఉంది. అది అప్పది.

"ఏటప్పా, నీ ఒక్కదానికేనా నా కుళాయి మీద నమ్మకం లేనిది?"

"నీ కులాయి మీద ఉన్నాది బాబూ. మీ మీటింగుల మీద లేదు. ఆ ఎనిమిదోది ఏటయింది?"

వాయిదా వేసిన అంశం ఫైలులో అలాగే పడి ఉంది. ఎప్పుడైనా పైకి తీయవచ్చు. ఆ మధ్యాహ్నమే ఏఈ గారి దగ్గర కూర్చొని నోటు రాయించాను. దుర్వాసన మీద కొత్త అర్జీలు లేవు, మార్కెట్టు రోజూ కడుగుతున్నారు, తరలింపు ప్రతిపాదన ఉపసంహరించవచ్చు. తరువాతి సమావేశంలో చర్చే జరగలేదు. చైర్‌పర్సన్ గారు చదివారు, అందరూ సరేనన్నారు. తీర్మానం నకలు మీద సంతకం ఆరకముందే తీసుకెళ్ళి అప్పకు చదివి వినిపించాను. ఆమె రెండోసారి చదవమంది. చదివాను. కాగితం నా చేతిలోంచి తీసుకొని మడిచి, రొంటిన దోపుకొంది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి వెళ్ళి బోర్లించిన డ్రమ్ములు లెక్కపెట్టాను.

నలభై.